పెద్దమనుషుల ఒప్పందము: మాట, వ్రాత, సాక్ష్యము

మన పల్లెలలో ఇద్దరు రైతులు పొత్తు సేద్యమునకు దిగునప్పుడు విత్తనము ఎవరిది, ఎడ్లు ఎవరివి, కళ్లములో ఎవరి పాలు ఎంత అని ముందే మాట్లాడుకొందురు. మాట్లాడుకొన్నదానిని నలుగురి యెదుట చెప్పుకొందురు. ఇద్దరును సమానమైన బలము గలవారైతే నోటిమాటయే చాలునేమో. కాని ఒకరు పదెకరములవారు, మరియొకరు రెండెకరములవారు అయినప్పుడు, రెండెకరముల రైతు కాగితము కావలెనని కోరును. అది అనుమానపు బుద్ధి కాదు. తన ఇంటివారి అన్నమును గూర్చిన జాగ్రత్త.

రాష్ట్రములు కలియునప్పుడును ఇదే ప్రశ్న పుట్టును. ఎక్కువమంది గల భాగము తక్కువమంది గల భాగమునకు ఇచ్చిన మాటకు పూచీ ఎవరు? మన ప్రాంతము 1956లో అట్టి మాటమీద ఒక పెద్ద రాష్ట్రములో చేరెను; 2014లో దానినుండి వేరాయెను. అంతకు చాలకాలము ముందు, 1787లో, అమెరికాలోని పదమూడు రాష్ట్రములకు ఇదే ప్రశ్న ఎదురాయెను. ఈ రెండు చరిత్రలను ప్రక్కప్రక్కన పెట్టి చదువుటయే ఈ నెల పాఠము. కలిసి యుండుట మేలా, విడిపోవుట మేలా అని తీర్పు చెప్పుట మా ఉద్దేశము కాదు. మాట ఎట్లు నిలుచును, ఎట్లు తప్పును అని తెలిసికొనుటయే మన పని.

1. ఒప్పందమునకు ముందు

1948 సెప్టెంబరులో భారత సైన్యము వచ్చిన తరువాత నిజాము పాలన ముగిసెను. 1952లో మొదటి సాధారణ ఎన్నికలు జరిగెను. ఆ మార్చిలో బూర్గుల రామకృష్ణారావు హైదరాబాదు రాష్ట్రపు ముఖ్యమంత్రి ఆయెను. ఆయన మన కల్వకుర్తి ప్రాంతపు పడకల్ గ్రామమున 1899లో పుట్టినవాడు. నాటి హైదరాబాదు రాష్ట్రములో తెలుగు, మరాఠీ, కన్నడ జిల్లాలు మూడును కలిసి యుండెను.

ఆ ప్రక్కన, పొట్టి శ్రీరాములు నిరాహారదీక్షలో 1952 డిసెంబరు 15న మరణించిన పిమ్మట, 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రము ఏర్పడెను. అప్పుడు తెలుగువారందరు ఒక్క రాష్ట్రముగా ఉండవలెనను కోరిక బలపడెను. ఆ కోరిక అటువైపు మాత్రమే ఉండెనని తలంచరాదు. తెలంగాణలోను కమ్యూనిస్టులు, కాంగ్రెసువారిలో కొందరు విశాలాంధ్రను కోరిరి. హైదరాబాదు శాసనసభలో ఈ సంగతి చర్చకు వచ్చినప్పుడు ఎక్కువమంది సభ్యులు కలయికవైపే మాట్లాడిరి.

అయినను భయము నిజముగా ఉండెను. కోస్తా జిల్లాలలో ఇంగ్లీషు చదువు ముందుగా వ్యాపించెను. ఇక్కడ ఉర్దూలో చదివినవారు ఉద్యోగముల పోటీలో వెనుకబడుదురను దిగులు కలిగెను. 1919నాటి ముల్కీ నిబంధనల ప్రకారము పదునైదేండ్లు ఇక్కడ నివసించినవారికే ప్రభుత్వోద్యోగము దొరకవలెను. ఆ నిబంధనలను తప్పించి బయటివారిని తీసికొనుచున్నారని 1952 సెప్టెంబరులో హైదరాబాదు పట్టణములో ఆందోళన జరిగెను. కాల్పులలో ప్రాణములు పోయెను. ఇది ఆంధ్రప్రదేశ్ ఏర్పడుటకు నాలుగేండ్ల ముందటి మాట.

భారత ప్రభుత్వము ఫజల్ అలీ, కుంజ్రూ, పణిక్కర్ అను ముగ్గురితో నియమించిన రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ సంఘము 1955 సెప్టెంబరులో తన నివేదికను ఇచ్చెను. తెలంగాణ కొంతకాలము ప్రత్యేకముగా ఉండవలెననియు, ఇంచుమించు 1961లో జరుగు ఎన్నికల తరువాత అక్కడి శాసనసభలో మూడింట రెండు వంతులవారు ఒప్పుకొన్నచో కలుపవచ్చుననియు ఆ సంఘము సలహా చెప్పెను. కృష్ణా గోదావరి నీళ్లు, ఉద్యోగములు, తెలంగాణ ఆదాయము అను మూడు విషయములలో ప్రజల భయమును అది వ్రాసిపెట్టెను. ఆ సలహా పాటింపబడలేదు. ఆరేండ్లు ఆగుటకు బదులు ఆరు నెలలలోపుగానే ఒక ఒప్పందము జరిగెను.

2. ఎనిమిదిమంది చేవ్రాళ్లు

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలోని హైదరాబాదు హౌసులో ఎనిమిదిమంది నాయకులు కూర్చుండిరి. ఆంధ్రవైపున బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు. తెలంగాణవైపున బూర్గుల రామకృష్ణారావు, కె. వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె. వి. నర్సింగరావు. వారు చేసికొన్నదానికి పెద్దమనుషుల ఒప్పందమని పేరు వచ్చెను.

అందులోని ముఖ్యమైన అంశములు ఇవి. తెలంగాణ ఆదాయములో మిగులు తెలంగాణ అభివృద్ధికే వెచ్చింపవలెను. ఇక్కడి ఉద్యోగములకు పన్నెండేండ్ల నివాసము ఉండవలెను. ఇక్కడి విద్యాలయములలో ఇక్కడి పిల్లలకు సౌకర్యము ఉండవలెను. మంత్రులలో నూటికి నలువదిమంది తెలంగాణవారై యుండవలెను. ముఖ్యమంత్రి ఒక ప్రాంతమువాడైతే ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతమువాడు కావలెను. నీటిపారుదల మొదలైనవాటిని చూచుటకు ఇరువదిమందితో ఒక ప్రాంతీయ మండలి ఉండవలెను. ఆ మండలికిని రాష్ట్ర ప్రభుత్వమునకును భేదము వచ్చినచో భారత ప్రభుత్వము తీర్పు చెప్పవలెను. పదియేండ్లకు ఈ ఏర్పాటును తిరిగి పరిశీలింపవలెను.

ఈ అంశములలో అన్యాయమైనది ఏదియు మాకు కనబడలేదు. ఒకరినొకరు అనుమానించు ఇద్దరు కూడ న్యాయముగా ఒప్పందము చేసికొనవచ్చును. యాకోబును లాబానును ఒకరినొకరు మోసగించుకొనినవారే. అయినను వారు రాళ్లు కుప్పవేసి, ఈ కుప్ప దాటి హాని చేయుటకు నీవు నాయొద్దకు రావద్దు, నేను నీయొద్దకు రాను అని నిబంధన చేసికొనిరని ఆదికాండము 31వ అధ్యాయములో చదువుదుము. కుప్ప అక్కడనే ఉండును గనుక మరచితిమని చెప్పుటకు వీలు లేదు. మన పొలముల హద్దురాయి చేయు పనియు అదియే.

1956 నాటి కాగితములో మంచి మాటలు ఉండెను. హద్దురాయి మాత్రము గట్టిగా పాతబడలేదు.

3. మాట ఏమాయెను?

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడెను. నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి ఆయెను. ఆ మొదటి మంత్రివర్గములో తెలంగాణనుండి ఉపముఖ్యమంత్రి లేడు. చేవ్రాలు చేసినవారిలో ఒకరే ముఖ్యమంత్రిగా ఉండగా, ఎనిమిది నెలలకే మొదటి అంశము తప్పిపోయెను. అది చిన్న సంగతియని కొందరు అనిరి. కాని ఇచ్చిన మాటలో చిన్నది తప్పినప్పుడు పెద్దవాటిమీద నమ్మకము సన్నగిల్లును.

ఇరువదిమంది మండలికి బదులుగా తెలంగాణ శాసనసభ్యులతో ప్రాంతీయ సంఘము 1958లో వచ్చెను. భేదము వచ్చినచో తీర్పు చెప్పువారు భారత ప్రభుత్వమునకు బదులు గవర్నరు ఆయెను. ఉద్యోగముల విషయమై పార్లమెంటు 1957లో ఒక చట్టము చేసెను. అయితే సుప్రీంకోర్టు 1969 మార్చిలో ఆ చట్టములోని తెలంగాణ భాగమును కొట్టివేసెను. రాజ్యాంగపు 16వ అధికరణము రాష్ట్రమంతటికి నివాస నిబంధనను పెట్టనిచ్చునే గాని, రాష్ట్రములోని ఒక భాగమునకు పెట్టనివ్వదని కోర్టు చెప్పెను. ఎనిమిదిమంది పెద్దలు ఇచ్చిన మాట రాజ్యాంగములో వేరు పట్టలేదు. గాలి వచ్చినప్పుడు పడిపోయెను.

అప్పటికే తెలంగాణ మండుచుండెను. 1969 జనవరిలో పాల్వంచ, ఖమ్మము ప్రాంతములలో మొదలైన ఆందోళన తెలంగాణ అంతట ప్రాకెను. అనేకులు, వారిలో విద్యార్థులు, కాల్పులలో మరణించిరి. మిగులు నిధులు ఎంత అను ప్రశ్నకు ఒక అధికారి, కుమార్ లలిత్, లెక్క చూచి సుమారు 34 కోట్ల రూపాయలని చెప్పెను. తరువాత జస్టిస్ భార్గవ సంఘము చూచి సుమారు 28 కోట్లని చెప్పెను. రెండు లెక్కలలో ఏది సరియైనను, రెండును ఒక సంగతిని ఒప్పుకొనుచున్నవి. తెలంగాణకు ఖర్చు కావలసిన సొమ్ము ఖర్చు కాలేదు. ఏటేటా లెక్క అందరి యెదుట చదివియుండినచో, పన్నెండేండ్ల తరువాత ఇద్దరు పెద్దలు రెండు మొత్తములు చెప్పవలసి వచ్చెడిది కాదు.

1971 లోక్‌సభ ఎన్నికలలో తెలంగాణ ప్రజా సమితి ఇక్కడి 14 స్థానములలో 10 గెలుచుకొనెను. ఆ సమితికి నాయకుడు మర్రి చెన్నారెడ్డి. 1956లో కలయికకు చేవ్రాలు చేసినవాడే 1969లో విడిపోవుటకు నాయకత్వము వహించెను.

అటువైపువారి బాధను కూడ చెప్పకుండుట న్యాయము కాదు. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లునని తీర్పిచ్చినప్పుడు, తమ రాజధానియైన హైదరాబాదులోనే తాము పరాయివారమైతిమని ఆంధ్ర, రాయలసీమ యువకులు దుఃఖించిరి. జై ఆంధ్ర ఉద్యమము లేచెను. అక్కడను ప్రాణములు పోయెను. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చెను. మాట స్పష్టముగా నిలువనప్పుడు బలహీనుడే గాక బలవంతుడును నష్టపోవును. తన హక్కు ఎంతవరకో అతనికిని తెలియదు.

ఇక్కడ గిబియోనీయుల సంగతి జ్ఞాపకము చేసికొనుట మంచిది. యెహోషువ వారితో ప్రమాణము చేసెను. వారు ఉపాయముచేత దానిని సంపాదించినను ఇశ్రాయేలు పెద్దలు దానిని తప్పలేదు. చాల తరముల తరువాత సౌలు దానిని మీరెను. ఆ తప్పు దావీదు దినములలో మూడు సంవత్సరముల కరవుగా బయటపడెనని 2 సమూయేలు 21వ అధ్యాయము చెప్పుచున్నది. తాతలు ఇచ్చిన మాట మనుమలను కట్టును. కుర్చీలో కూర్చున్న మనిషి మారెను గనుక మాటయు మారెనని చెప్పుటకు వీలు లేదు.

4. అమెరికావారు ఏమి చేసిరి?

ఇంగ్లాండుతో యుద్ధము చేసి స్వతంత్రులైన పదమూడు రాష్ట్రములు మొదట వదులైన కూటమిగా ఉండెను. అది సరిగా నడవనందున 1787లో ఫిలడెల్ఫియాలో 55 మంది ప్రతినిధులు కూడిరి. రోడ్ ఐలాండు రాష్ట్రము ఎవరిని పంపలేదు. జనసంఖ్యనుబట్టి సభలో స్థానములు ఉండవలెనని పెద్దదియైన వర్జీనియా కోరెను. రాష్ట్రమునకు ఒక ఓటుగా సమానము కావలెనని న్యూజెర్సీ, డెలవేర్ వంటి చిన్నవి కోరెను. సమానమైన ఓటును విడువవద్దని డెలవేరువారు తమ ప్రతినిధులకు ముందే ఆజ్ఞ ఇచ్చి పంపిరి. వేసవి వేడిలో, తలుపులు మూసికొని, వారాల తరబడి వాదించిరి.

చివరకు జూలై 16న కనెక్టికట్ రాష్ట్రపు ప్రతినిధులు తెచ్చిన మధ్యమార్గము ఒకే ఓటు తేడాతో నెగ్గెను. ఒక సభలో జనసంఖ్యనుబట్టి స్థానములు. సెనేటు అను రెండవ సభలో ప్రతి రాష్ట్రమునకు సమానము. తరువాత ఒక్కొక్క రాష్ట్రమునకు ఇద్దరని నిర్ణయించిరి. ఇంతవరకు ఇది మన 1956 నాటి ఒప్పందము వంటిదే.

తేడా తరువాతి మెట్టులో ఉన్నది. వారు ఆ మాటను రాజ్యాంగములోనే వ్రాసిరి. అంతేకాదు, ఏ రాష్ట్రమునుండియు దాని సమ్మతి లేకుండ సెనేటులోని సమానత్వమును తీసివేయరాదని, రాజ్యాంగమును సవరించు విధానమును చెప్పు అధికరణములోనే మరియొక కట్టు వేసిరి. చిన్నవాని పొలపు హద్దురాయిని జరుపవలెనంటే చిన్నవాడే ఒప్పుకొనవలెను. అందరికంటె ముందుగా, 1787 డిసెంబరు 7న, ఆ రాజ్యాంగమును అంగీకరించిన రాష్ట్రము డెలవేర్ అనుట ఆశ్చర్యము కాదు. భయము తీరినవాడు సంతోషముగా కలియును.

ఇంకొక వాగ్దానము కలదు. కొత్త ప్రభుత్వము ప్రజల స్వేచ్ఛను మ్రింగివేయునని పాట్రిక్ హెన్రీ మొదలైనవారు ఎదిరించిరి. మతస్వేచ్ఛ, వాక్‌స్వేచ్ఛ ఏవని అడిగిరి. వర్జీనియాలో బాప్టిస్టు బోధకులను అనుమతి లేకుండ ప్రకటించిరని కొన్ని ఏండ్ల ముందే చెరసాలలో వేసియుండిరి. అందుచేత అక్కడి బాప్టిస్టులకు ఇది గాలిమాట కాదు. జేమ్స్ మాడిసన్ మొదట ఇట్టి హక్కుల పట్టీ అవసరము లేదని తలంచినను, ఎన్నికలలో నిలిచినప్పుడు దానిని తెత్తునని మాట ఇచ్చెను. గెలిచిన తరువాత, 1789 జూన్ 8న, సభలో ఆ సవరణలను తానే ప్రతిపాదించెను. వాటిలో పది 1791 డిసెంబరు 15న చట్టమాయెను. ఓడినవారు అడిగినదానిని గెలిచినవాడు నెరవేర్చెను. ఎన్నికలలో ఇచ్చు మాటకు ఇంతకంటె మంచి ఉదాహరణ మాకు తెలియదు.

5. బల్లయొద్ద లేనివారు

అయితే అమెరికావారి పనిని పూర్తిగా పొగడుటకు వీలులేదు. అదే ఫిలడెల్ఫియాలో, అదే మధ్యమార్గపు పేరిట, నల్లజాతి బానిసలను స్థానముల లెక్కకు అయిదింట మూడు వంతులుగా లెక్కించుటకు ఒప్పుకొనిరి. లెక్క బానిసలది, అధికారము యజమానులది. బానిసల దిగుమతిని 1808కి ముందు పార్లమెంటు నిషేధింపరాదని వ్రాసిరి. పారిపోయిన బానిసను తిరిగి అప్పగింపవలెనని వ్రాసిరి. ఆ గదిలో బానిస ఒకడును లేడు. స్త్రీ ఒకతెయు లేదు. ఆ పాపపు ఫలము 1861 మొదలు 1865 వరకు జరిగిన అంతర్యుద్ధములో ఆరు లక్షలకు పైగా మనుష్యుల మరణముగా పండెను. బానిసత్వము 1865లో చట్టముచేత తీసివేయబడెను. గట్టిగా వ్రాసిన మాట న్యాయమైనదై యుండవలెను. అన్యాయమును గట్టిగా వ్రాసినచో అది అంతే గట్టిగా నిలుచును.

మన ఎనిమిదిమందిని ఇట్లే చూతము. వారిలో దళితుడు లేడు, స్త్రీ లేదు, కూలి చేసికొని బ్రదుకువాడు లేడు. ఉద్యోగము, మంత్రిపదవి, మిగులు నిధులు అనునవి వ్రాయబడెను. పాలమూరు జిల్లానుండి గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసికొని దూరదేశపు ఆనకట్టల పనికి పోయిన కూలీని గూర్చి ఆ కాగితములో ఏమియు లేదు. ఆ కూలీయు మాటను నమ్మి పోయినవాడే. ఎన్ని నెలల పని, ఎంత కూలి, అడ్వాన్సు ఎప్పుడు తీరును అను లెక్క మేస్త్రీ తలలో ఉండెను. కూలీ చేతిలో లేదు. 1979లో పార్లమెంటు చేసిన వలస కార్మికుల చట్టము ప్రతి కూలీకి ఫోటోతో పాసుపుస్తకము ఇవ్వవలెనని విధించినది ఇందుకే.

6. వ్రాసినది చాలునా?

1973 సెప్టెంబరులో ఆరు సూత్రముల పథకము వచ్చెను. ఈసారి పెద్దలు పాత తప్పును దిద్దిరి. రాజ్యాంగమునే సవరించి 371-డి అధికరణమును చేర్చిరి. 1975లో రాష్ట్రపతి ఉత్తరువు వచ్చి, జిల్లాలకును జోనులకును స్థానిక ఉద్యోగములు ఏర్పడెను. రాజ్యాంగములో నాటిన ఆ మాట 2014లో రాష్ట్రము విడిపోయినను చావలేదు. రెండు రాష్ట్రములలోను నిలిచెను.

అయినను వ్రాసినంతనే నెరవేరదు. ఆ ఉత్తరువుకు విరుద్ధముగా ఉద్యోగములు ఇచ్చిరని తేలగా, వాటిని సరిచేయుటకు 1985 డిసెంబరులో 610 సంఖ్యగల ప్రభుత్వ ఉత్తరువు వచ్చెను. అది సరిగా అమలు కాలేదను ఫిర్యాదు ఆగనందున 2001లో గిర్‌గ్లానీ సంఘమును నియమింపవలసి వచ్చెను. ఉత్తరువును అమలుపరచుటకు మరియొక ఉత్తరువు, దానిని చూచుటకు ఒక సంఘము! లెక్క అడుగువాడు లేనప్పుడు వ్రాసిన కాగితమును చెదలు తినును. ఈ దారినే నడిచి, 2014 జూన్ 2న తెలంగాణ ప్రత్యేక రాష్ట్రమాయెను. అమెరికాలోవలె సైన్యములు పోరాడలేదు; పార్లమెంటు చట్టము చేసెను. అందుకు మనము కృతజ్ఞులమై యుండవలెను. కాని అనేకమంది యువకులు ప్రాణములు విడిచిరనుటను మరువరాదు.

7. మనకు వచ్చు బుద్ధి

ఇప్పుడు కల్వకుర్తి నాగర్‌కర్నూలు జిల్లాలో ఉన్నది. రాష్ట్రము మారెను, జిల్లా మారెను, శ్రీశైలము జలాశయమునుండి ఎత్తిపోసిన కృష్ణ నీరును మన ప్రాంతపు కాలువలలోనికి వచ్చెను. కాని బలముగలవాడు బలములేనివానికి మాట ఇచ్చు సందర్భములు మారలేదు. అవి మన ఇండ్లలోనే ఉన్నవి. అన్న తమ్మునికి భూమి పంచునప్పుడు, ఆసామి కౌలుదారునికి పొలము ఇచ్చునప్పుడు, మేస్త్రీ కూలీకి అడ్వాన్సు ఇచ్చునప్పుడు, పెద్ద గ్రామపు సంఘము శాఖాగ్రామమునకు గుడి కట్టుటకు సహాయము చేయుదుమని చెప్పునప్పుడు, మనము పెద్దమనుషుల ఒప్పందమే చేసికొనుచున్నాము.

కనుక నాలుగు సంగతులు గుర్తుంచుకొందము. మొదటిది, ఎవరి బ్రదుకును గూర్చి మాట్లాడుచున్నామో వారిని బల్లయొద్ద కూర్చుండబెట్టవలెను. రెండవది, మాటను ఇరువురును చదువగలిగిన భాషలో వ్రాసి, ఇరువురి చేతికిని ఇవ్వవలెను. మూడవది, తగవు వచ్చినప్పుడు తీర్పు చెప్పువాడు ఇరుపక్షములలో ఎవరికిని చెందనివాడై యుండవలెను. అతని పేరు ముందే వ్రాయవలెను. నాలుగవది, ఏటేటా లెక్కను పైకి చదువవలెను. మన పొదుపు సంఘములలోని స్త్రీలు ప్రతి కూటములో పుస్తకము తెరచి ఎవరి అప్పు ఎంత, ఎవరి పొదుపు ఎంత అని చదువుకొందురు. రాష్ట్రములు ఏలినవారు ఆ పని చేసియుండినచో మన చరిత్ర వేరుగా ఉండెడిది.

కాగితము కోరిన చిన్నవానిని నమ్మకము లేనివాడని మనము నిందింపకుందము. కాగితము ఇచ్చుటకు సంకోచించు పెద్దవాడే తన మనస్సును పరీక్షించుకొనవలెను.

చర్చకు ప్రశ్నలు

1. 1955లో పునర్వ్యవస్థీకరణ సంఘము చెప్పినట్లు ఆగియుండినచో ఏమి జరిగియుండును? ఇరుపక్షములను చెప్పుము.

2. డెలవేరుకు దొరికిన పూచీకిని తెలంగాణకు దొరికిన పూచీకిని గల భేదమేమి?

3. మన సంఘము గడచిన అయిదేండ్లలో ఎవరికైన ఇచ్చిన మాట మినిట్సు పుస్తకములో ఉన్నదా? అది నెరవేరెనా? పుస్తకము తెచ్చి కూటములో చదువుడి.

4. మీ ఇంటిలో నోటిమాటగా మాత్రమే ఉన్న కౌలు, అప్పు, భాగపంపకము ఏదైన కలదా? ఈ నెలలో దానిని వ్రాసికొనుటకు ఎవరిని సాక్షిగా పిలువగలరు?